తాళంచెవి జేబులో, కారు ఇచ్ఛాపురం అవతల

ఆశీలమెట్ట సంపత్ వినాయకుడి గుడి ముందు కాసేపు నిలబడండి. షోరూం రిబ్బన్లు ఇంకా విప్పని కొత్త కార్లు వస్తుంటాయి. టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు కుంకుమల స్వస్తిక్, అద్దానికి బంతిపూల దండ. పూజారిగారు తాళంచెవి అడుగుతారు. యజమాని జేబులోంచి నల్లటి ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి తీసి పళ్ళెంలో పెడతాడు. దానికి పళ్ళు లేవు, గాడి లేదు. పూజారిగారు దాని మీదా అక్షతలు వేసి, విఘ్నాలు తొలగించు స్వామీ అని వేడుకుంటారు. కారుకీ దొంగకీ మధ్య ఉండాల్సిన విఘ్నాన్ని కంపెనీవాళ్ళు ముందే తొలగించి పంపారని ఆయనకెవరు చెప్పొచ్చారు?

గాజువాక వైపు ఒక షోరూంలో స్టీల్‌ప్లాంటు నుంచి రిటైరైన ఒక పెద్దాయనకీ సేల్స్ కుర్రాడికీ జరిగిన సంభాషణ ఇది. షోరూం పేరు అనవసరం. ఏ షోరూంలోనైనా ఇదే జరుగుతుంది.

"కీ జేబులో ఉంటే చాలు సార్. మీరు దగ్గరకొస్తే కారే గుర్తుపట్టేస్తది."

"నన్నా బాబూ, తాళాన్నా?"

"అదే సార్, తాళం ఎవరి దగ్గరుంటే వాళ్ళని."

"తాళం నా తలగడ కింద ఉండి, నేను మంచం మీద ఉంటే?"

"అప్పుడు తెరుచుకోదు సార్. మీరు దూరంగా ఉన్నట్టు లెక్క."

"నేను దూరంగా ఉన్నానని దానికెలగ తెలుస్తది?"

కుర్రాడు కాఫీ తెప్పించాడు. ఆ కుర్రాణ్ణని లాభం లేదు. ఈ ప్రశ్నకి పరిశ్రమ మొత్తం ఇన్నేళ్ళుగా కాఫీలే తెప్పిస్తోంది.

అసలు సంగతి ఇది. మీరు తలుపు పిడి పట్టుకోగానే కారు సన్నటి గొంతుతో, 125 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఓ తరంగంలో, "ఉన్నావా?" అని అడుగుతుంది. ఆ గొంతు మీటరో రెండు మీటర్లో దాటి వినబడదు. జేబులో బిళ్ళ అది విని పెద్ద గొంతుతో, ఇంకో తరంగంలో, రహస్య సంకేతం కలిపి "ఉన్నాను" అంటుంది. తలుపు తెరుచుకుంటుంది. సంకేతం పటిష్ఠమైనదే, ప్రతిసారీ మారుతుంది, లెక్కల పండితులు కూర్చుని కట్టిన కోట అది. కాకపోతే కారు అడిగే ప్రశ్నలో "ఎంత దూరంలో ఉన్నావు?" అన్న ముక్క లేదు. నా మాట వినబడిందంటే పక్కనే ఉన్నట్టే అని దాని నమ్మకం.

దొంగకి ఆ నమ్మకం ఒక్కటి చాలు. ఒకడు మీ కారు పక్కన, ఇంకొకడు మీ ఇంటి గోడ పక్కన, చేతిలో తీగచుట్ట ఉన్న సంచీతో నిలబడతారు. కారు గుసగుసని మొదటివాడి పెట్టె పట్టుకుని రెండోవాడి పెట్టెకి పంపుతుంది. అది గోడ అవతల మీ టీవీ బల్ల మీదున్న బిళ్ళకి వినిపిస్తుంది. బిళ్ళ నిజాయితీగా జవాబిస్తుంది. పెళ్ళిళ్ళ పేరయ్యకి అబ్బాయి జాతకం, అమ్మాయి జాతకం అర్థం కానక్కర్లేదు, ఇటు మాట అటు చేరిస్తే చాలు. ఇక్కడా అంతే. సంకేతాన్ని ఎవరూ పగలగొట్టరు. పండితుల కోట చెక్కు చెదరదు, కారు మాత్రం కోట గుమ్మం లోంచి రాజమార్గాన వెళ్ళిపోతుంది.

ఇంజిన్ ఒకసారి స్టార్టయ్యాక తాళం దూరమైపోయినా బండి ఆగదు. నడిరోడ్డు మీద ఆగితే ప్రమాదమని అలా కట్టారు, సబబే. "కీ కనబడటం లేదు" అని మాత్రం మీటరు బోర్డు మీద ఓ అక్షరాల వరస వెలుగుతుంది, రెండుసార్లు కుయ్ మంటుంది. ఎవరికి చెబుతోంది? దొంగకి. ఆయనకి ఆ సంగతి ముందే తెలుసు.

ఇదేమీ నిన్నమొన్న బయటపడ్డ రహస్యం కాదు. స్విట్జర్లాండులోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు ముగ్గురు 2011లో పత్రం చదివారు. 8 కంపెనీలవి 10 మోడళ్ళు తీసుకుని పరీక్షిస్తే పదికి పదీ తెరుచుకున్నాయి, స్టార్టయ్యాయి కూడా. ఆ ఏడు పుట్టిన పిల్లలు ఇవాళ ఇంటర్మీడియట్ గుమ్మం దగ్గరున్నారు. ఈ లోగా కార్ల కంపెనీలు ఏం చేశాయంటే సన్‌రూఫ్ పెద్దది చేశాయి. సీట్లకి చల్లగాలి పెట్టాయి. డోరు తెరిస్తే నేల మీద కంపెనీ బొమ్మ పడేలా దీపం అమర్చాయి. ఏ కంపెనీ కారు ఎత్తుకుపోతున్నాడో దొంగకి చీకట్లో సందేహం రాకుండా.

మన దేశంలో ఇంకో విశేషం. ఈ సౌకర్యం అడుగు వేరియంట్‌లో ఉండదు. పాత ఇనప తాళంచెవి గరీబులకి, బటన్ స్టార్టు కాస్త పైమెట్టు వాళ్ళకి. అంటే కారు సులువుగా పోయే ఏర్పాటుకి మనం వేలకి వేలు అదనంగా కట్టి, ఈఎంఐ మీద వడ్డీ కూడా ఇస్తున్నాం.

అన్ని ఊళ్ళవాళ్ళూ మోసపోవచ్చు గానీ విశాఖపట్నం మోసపోకూడదు. ఎందుకంటే ఈ విద్య ఈ ఊరి నేవీది. 1971 చివర్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ కరాచీ నుంచి బయల్దేరింది. విక్రాంత్‌ని అండమాన్ల దగ్గర దాచేసి, రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ని విశాఖ తీరంలో వదిలారు తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. పెద్ద ఓడకి మాత్రమే ఉండేంత వైర్‌లెస్ సందడి ఆ చిన్న ఓడ చేసింది. నావికుడొకడు తల్లి ఆరోగ్యం కనుక్కుంటూ పంపినట్టు ఓ మామూలు సందేశం కూడా గాలిలోకి వదిలారు. ఊళ్ళో సరుకులవాళ్ళకి పెద్ద ఓడకి సరిపడా ఆర్డర్లిచ్చారు. ఘాజీ ఆ సిగ్నల్ నమ్మి ఇక్కడికొచ్చింది; డిసెంబరు 3 అర్ధరాత్రి రేవు ముందు 90 మందికి పైగా మనుషులతో మునిగిపోయింది. మనం ముంచామా, తన మందుపాతరకి తనే పేలిందా అన్నది రెండు దేశాల మధ్య తెగని తగువు. ఏది నిజమైనా, సిగ్నల్ వినబడినంత మాత్రాన ఓడ అక్కడున్నట్టు కాదన్న పాఠం బీచ్ రోడ్డులో స్మారకంగా నిలబెట్టి ఉంది. సాయంత్రం దాని ముందు కీలెస్ కారు ఆపి, మిర్చి బజ్జీలు తింటాం.

సరే, దీనికి మందేమిటి? కంపెనీలు, పోలీసులు, ఇంగ్లండులో బీమావాళ్ళు కలిసి చెప్పే మందు: తాళాన్ని డబ్బాలో పెట్టుకోండి.

నిజంగానే. మైకేల్ ఫారడే 1836లో లోహపు గూడు కట్టి, లోపలికి విద్యుత్ క్షేత్రం రాదని చూపించాడు. ఆ సూత్రం మీద సంచులు కుట్టి అమ్ముతున్నారు. పాతిక లక్షల కారు, ఎయిర్‌బ్యాగుల గొప్పలు, ఉపగ్రహంతో మాట్లాడే తెర. దాని భద్రత అంతిమంగా అత్తగారి చేగోడీల డబ్బా మీద ఆధారపడింది. 32 మంది ప్రాణాలిచ్చి ఉక్కు ఫ్యాక్టరీ తెచ్చుకున్న ఊళ్ళో డబ్బాకేం కరువంటారా? అక్కడే ఉంది తమాషా. మన ప్లాంటు కడ్డీలు పోస్తుంది, తీగచుట్టలు చుడుతుంది, దూలాలు తీస్తుంది. డబ్బా చేసే పల్చటి రేకు మాత్రం మనది కాదు. తాళంచెవి దాచుకోవడానికి కూడా ఉక్కునగరం బయటి రేకు కొనుక్కోవాలి. అయినా, హక్కు మనదని చేతిలో కాయితం ఉన్నంత మాత్రాన బండి మనదై ఉండదని ఈ ఊరికి 2021 జనవరి 27నే తెలిసింది, ప్లాంటులో నూటికి నూరు శాతం వాటా అమ్మేస్తామని కేంద్ర మంత్రివర్గ సంఘం తీర్మానించిన రోజున. నాలుగేళ్ళ తరవాత 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు. తీర్మానం రద్దు చేశామన్న మాట మాత్రం కూర్మన్నపాలెం గేటు దగ్గర ఇంకా వినబడలేదు.

డబ్బా సంగతి పూర్తి చేద్దాం, ఎందుకంటే వెటకారం ఎలా ఉన్నా కారు మీది. ఏ డబ్బా పడితే అది పనిచేయదు. మూత వదులుగా ఉన్నా, రేకు మరీ పల్చగా ఉన్నా తరంగం దూరిపోతుంది. తాళం డబ్బాలో పెట్టి, డబ్బా చేత్తో పట్టుకుని కారు పక్కన నిలబడి పిడి లాగండి. తలుపు తెరుచుకుందా, ఆ డబ్బాలో చేగోడీలే పోసుకోండి. బీరువాలో పడేసిన రెండో తాళం కూడా రాత్రీ పగలూ జవాబు చెబుతూనే ఉంటుంది; దాన్నీ డబ్బాలో పెట్టాలి. మైక్రోవేవ్‌లో పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పొద్దున్నే ఎవరో పాలు వేడిచేస్తారు, తాళంచెవి వడియంలా వేగుతుంది.

అంతకన్నా తెలివైన మందులు కంపెనీల దగ్గరే ఉన్నాయి. ఫోర్డ్ 2019లో ఫియెస్టా, ఫోకస్ కార్లకి ఐరోపాలో ఓ తాళం ఇచ్చింది: 40 సెకన్లు కదలకుండా ఉంటే అది నిద్రపోతుంది, ఎవరడిగినా పలకదు. లోపల చిన్న కదలిక సెన్సరు, అంతే. టొయోటా వాళ్ళ చాలా తాళాల్లో లాక్ బటన్ నొక్కిపట్టి అన్‌లాక్ రెండుసార్లు నొక్కితే బిళ్ళ మూగనోము పడుతుంది. ఈ సదుపాయాన్ని మాన్యువల్‌లో ఏ శీర్షిక కింద రాశారో తెలుసా? బ్యాటరీ పొదుపు. కారు పొదుపు అని రాస్తే, కారు పోయే అవకాశం ఉందని ఒప్పుకున్నట్టవుతుంది మరి. ఆ మాన్యువల్ గ్లవ్ బాక్సులో, ప్లాస్టిక్ కవర్‌లో, సీలు తీయకుండా ఉంటుంది. కారుతో పాటే పోతుంది.

అన్నిటికన్నా గట్టిది అల్ట్రా వైడ్‌బ్యాండ్. కాంతి ఒక నానోసెకనులో సుమారు 30 సెంటీమీటర్లే పోగలదు. జవాబు ఎంతసేపటికి వచ్చిందో కొలిస్తే తాళం ఎంత దూరాన ఉందో తేలిపోతుంది. మధ్యలో ఎన్ని పెట్టెలు పెట్టినా ఆలస్యం పెరుగుతుందే గానీ తరగదు. కాంతిని లంచం పెట్టి పరిగెత్తించిన దొంగ ఇంకా పుట్టలేదు. పెద్దాయన గాజువాకలో అడిగిన ప్రశ్నకి ఇదే సూటి జవాబు. జాగ్వార్ ల్యాండ్ రోవర్ లాంటి కొన్ని కంపెనీలు ఖరీదైన కార్లలో పెట్టాయి. ముందు జబ్బు అమ్మారు, ఇప్పుడు మందు అమ్ముతున్నారు. రెండూ టాప్ ఎండ్‌లోనే.

ప్రభుత్వాలేం చేశాయని చూడాలంటే కెనడా వెళ్ళాలి. మనవాళ్ళు బ్రాంప్టన్‌లో, మిస్సిసాగాలో ఇళ్ళు కొనుక్కుని, వాకిట్లో కారు పెట్టుకుని, పొద్దున్న లేచి వాకిలి మాత్రమే చూసుకున్న దేశం అది. 2022లో అక్కడ లక్షకు పైగా బళ్ళు పోయాయి. న్యాయశాఖ మంత్రికి ప్రభుత్వం ఇచ్చిన టొయోటా హైలాండరే మూడుసార్లు దొంగలపాలైంది. దొంగలకి చట్టం ముందు అందరూ సమానమే. 2024 మొదట్లో టొరంటో పోలీసు అధికారి ఒకాయన కాలనీ సమావేశంలో ఓ సలహా ఇచ్చాడు: దొంగలు తాళం కోసం ఇంట్లోకి జొరబడి మీ మీద పడకుండా, తాళాన్ని వీధి గుమ్మం దగ్గరే పెట్టేయండి. దొంగగారికి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళ చెంబు సంగతి చెప్పలేదు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒట్టావాలో జాతీయ స్థాయి సదస్సు పెట్టి ప్రభుత్వం సంచలన నిర్ణయం ప్రకటించింది: ఫ్లిప్పర్ జీరో అనే బొమ్మలాంటి పరికరాన్ని నిషేధిస్తాం. దానితో ఈ తీగచుట్టల దొంగతనం కుదరదని తెలిసినవాళ్ళంతా మొత్తుకున్నారు. తరవాత కొంచెం మెత్తబడ్డారనుకోండి. ఇంతలో పోలీసులు మాంట్రియల్ రేవులో కంటెయినర్లు విప్పి చూస్తే 598 దొంగ బళ్ళు దొరికాయి. ఓడెక్కడానికి వరసలో ఉన్నాయి. తాళం ఇంట్లో, బండి రేవులో. రేవున్న ఊరివాళ్ళం కాబట్టి మనకి ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. పెట్టె మూసి సీలు వేశాక లోపల ఏముందో కాయితం చెప్పిందే నిజం. బ్రాంప్టన్ మనవాళ్ళిప్పుడు 1990ల నాటి స్టీరింగు కడ్డీ మళ్ళీ బిగిస్తున్నారు, వాకిట్లో ఇనప గుంజలు పాతిస్తున్నారు. ఇనుమే దిక్కని తేలింది.

మన దొంగలు అంత దూరం వెళ్ళలేదని బెంగ పెట్టుకోకండి. గాలిలో తరంగాలు పట్టుకోవడం మనవాడికి చాదస్తంగా కనబడుతుంది. అద్దం పగలగొట్టి, స్టీరింగు కింద మెకానిక్కుల కోసం వదిలిన ఓబీడీ సాకెట్‌లో ట్యాబ్లెట్ గుచ్చి, కొత్త తాళాన్ని కారుకి పరిచయం చేస్తే పనైపోతుంది. ఢిల్లీ పోలీసులు పట్టుకున్న ముఠాల దగ్గర ఈ సరంజామా ఎన్నిసార్లు దొరికిందో. హైదరాబాదులో కూడా ఎంబీఏ చదివిన రాజస్థానీ ఒకడు ఇలాంటి పరికరంతోనే ఖరీదైన కార్లు మాయం చేసి, చేతనైతే పట్టుకోండని పోలీసులకి సవాలు విసిరాడని కొన్నేళ్ళ కిందట పేపర్లు రాశాయి. లండన్‌లో అయితే హెడ్‌లైటు ఊడదీసి, దాని వెనక తీగల్లోకి స్పీకరు వేషం వేసుకున్న పెట్టె తగిలించి, "నేనే తాళాన్ని" అని కారు చేత ఒప్పించే విద్య 2023లో బయటపడింది. దాని ముందు మీ చేగోడీల డబ్బా కూడా దండగే. ఇక 2019 ఏప్రిల్‌లో హైదరాబాదు గౌలిగూడ బస్టాండు నుంచి ఆర్టీసీ బస్సునే తోలుకుపోయి నాందేడ్ దగ్గర ముక్కలు చేశారు. దానికి తరంగమూ లేదు, ట్యాబ్లెట్టూ లేదు, బస్సంత ధైర్యం తప్ప.

విశాఖలో? సిరిపురం నుంచి మధురవాడ దాకా ఏ అపార్ట్‌మెంటు సెల్లార్‌కైనా వెళ్ళి చూడండి. రెండు కార్ల జాగాలో మూడు కార్లు. పొద్దున్న ముందుది తీస్తే గానీ వెనకది రాదు. అందుకని తాళాలన్నీ వాచ్‌మన్ గదిలో మేకులకి వేలాడుతుంటాయి, కింద స్కెచ్ పెన్నుతో ఫ్లాట్ నంబర్లతో సహా. వాచ్‌మన్ మంచివాడే, అతనికి ఆ పని అప్పగించినవాళ్ళకి సిగ్గుండాలి. జ్యూరిక్ పరిశోధకులు ఎనిమిది మీటర్ల దూరం నుంచి తాళాన్ని పలికించామని రాసుకున్నారు. ఇక్కడ చెయ్యి చాపితే చాలు.

ఇంత జరిగాక బీమా కంపెనీకి వెళ్ళండి. మొదటి ప్రశ్న: రెండు తాళాలూ ఉన్నాయా? ఒకటి లేదంటే, మీరే ఎక్కడో వదిలేశారు, సహేతుకమైన జాగ్రత్త తీసుకోలేదంటారు. రెండూ బల్ల మీద పెడితే, తాళాలు రెండూ ఇక్కడుంటే కారెలా పోయిందండీ అంటారు. సర్వేయరుగారికి తరంగాల సంగతి వివరించండి. ఆయన సానుభూతిగా విని ఎఫ్ఐఆర్ కాపీ, పోలీసుల అన్‌ట్రేస్డ్ రిపోర్టు, రవాణా శాఖకిచ్చిన లేఖ, ఫైనాన్స్ కంపెనీ కాయితం తెమ్మంటారు. ఆ నెలలన్నీ ఈఎంఐ మాత్రం ఏ అడ్డంకీ లేకుండా, ఎవరూ ఏ తాళం అడక్కుండా, మీ ఖాతాలోంచి దానంతటదే పోతుంటుంది. అసలైన కీలెస్ ఎంట్రీ అది.

ప్రభుత్వం మాత్రం ఊరుకోలేదు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్ళన్నిటికీ హై సెక్యూరిటీ నంబరు ప్లేటు. హోలోగ్రాం, లేజరు అంకెలు, ఒకసారి బిగించాక విరగ్గొడితే తప్ప ఊడని స్నాప్ లాకు. దేశంలో ప్రతి కొత్త బండి మీదా ఓ రేకుముక్క భద్రంగా ఉంది. దాని వెనకున్న బండికి తాళం ఎలాంటిదో, ఈ దాడిని తట్టుకుంటుందో లేదో కొనేవాడికి రాసివ్వాలన్న నిబంధన ఏ షోరూం గోడ మీదా నాకు కనబడలేదు. గుద్దుకుంటే ఎన్ని చుక్కలో భారత్ ఎన్‌క్యాప్ చెబుతోంది, మంచిదే. ఎత్తుకుపోతే ఎన్ని చుక్కలో కూడా చెప్పమనండి. చాలా మోడళ్ళకి ఆ గడిలో ఏం రాయాలో కంపెనీలకి బాగా తెలుసు, అందుకే గడి గీయనివ్వరు.

కాబట్టి కారు కొనేవాళ్ళకి ఒక మాట. సంతకానికి ముందు నాలుగు ప్రశ్నలడగండి. ఈ తాళం దూరాన్ని కొలుస్తుందా? కదలకుండా ఉంటే నిద్రపోతుందా? తలుపు దానంతటదే తెరుచుకునే సదుపాయాన్ని పూర్తిగా ఆపేసుకునే వీలుందా? స్టార్టు చేయడానికి వేరే పిన్ నంబరు పెట్టుకోవచ్చా? జవాబులు నోటితో వద్దు, కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసి, స్టాంపు వేసి ఇమ్మనండి. ఇవ్వకపోతే బుకింగ్ డబ్బు వెనక్కి తీసుకుని, పళ్ళున్న తాళంచెవి వచ్చే వేరియంట్ కొనుక్కోండి. ఆ తాళాన్ని వాచ్‌మన్ గది మేకుకి మాత్రం తగిలించకండి.